పుండుకు పస్తు, కాటాకు విందు

ఆ ఏడు కార్తీకంలో నా చేతి వంట తిని ఒళ్ళు చేసిన ప్రాణి ఒక్కటే. అదొక వీధికుక్క. ఎవరి కోసం పొద్దున లేచింది మొదలు పొయ్యి ఊదుతూ కూర్చున్నానో ఆ మా అత్తగారు మాత్రం రోజురోజుకీ తరిగిపోయింది. ఈ రెండు సంగతులకీ సంబంధం ఉందని అనుమానం రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. అనుమానించడంలో మా అత్తగారికి ఉన్న ప్రజ్ఞలో పరక వంతు నాకు ఉన్నా మూడు రోజుల్లో తేలిపోయేది.

వంట సంగతి మొదటే ఒప్పుకోవడం మంచిది. నాకు వంట ఒంటబట్టలేదు. అందుకే నా వంట కూడా ఎవరి ఒంటికీ పట్టలేదు. పెళ్ళయిన నాలుగేళ్ళలో నా పప్పు మెదిగిన రోజులు, నా మాట చెల్లిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అదీ ఒక చేతివి చాలు. అలాంటిదాన్ని పట్టుకుని, ఒక మనిషి ప్రాణం నీ గరిటె మీద ఆధారపడి ఉందమ్మా అని డాక్టరు చెబితే ఎలా ఉంటుంది? గరిటె కూడా భయపడింది.

మాది అద్దంకి పక్కన ఊరు. నల్లరేగడి నేల. మిరప, పొగాకు, కాస్త పత్తి. మామగారు పోయాక ఇరవై ఏళ్ళు ఆ పొలం మా అత్తగారి చేతి కిందే నడిచింది. ఆవిడకు అనుమానం రెండో ఊపిరి. మిరపకాయలు కొనే వ్యాపారి నవ్వితే అనుమానం, నవ్వకపోతే మరీ అనుమానం. కోడలు మాట్లాడితే ఏదో అడగబోతోంది, మాట్లాడకపోతే ఏదో దాస్తోంది. కాటా దగ్గర ఆవిడ నిలబడితే తూచేవాడి చెయ్యి వణికేది. బొటనవేలితో తక్కెడ నొక్కడం, రాయి అడుగున చింతపండు అంటించడం, బస్తాలోని కాయకు ముందురోజు సాయంత్రం నీళ్ళు చిలకరించి బరువు పెంచడం, ఈ విద్యలన్నీ ఆవిడకు తెలుసు. ఎదుటివాళ్ళు చేస్తే పట్టుకోవడానికే నేర్చుకున్నానని చెప్పేది. నేను నమ్మాను. నమ్మడం నాకున్న జబ్బు.

ఆవిడకున్న జబ్బు వేరు. పొద్దస్తమానం పొగాకు ఈనె నొక్కిపెట్టుకునే చోటే, ఎడమ బుగ్గ లోపల పుండు లేచింది. ఆరు నెలలు పసరు వేశారు, పటిక పెట్టారు, పీకించుకున్న పన్ను మీద నేరం మోపారు. పుండు ఎవరి మాటా వినలేదు. చివరికి మా ఆయన బలవంతాన పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. ఆ పట్నం పేరు చెప్పను. అక్కడి కాటాకు జరిగిన అవమానం ఇంతటితో పోనిద్దాం.

పరీక్షలయ్యాక డాక్టరు మా ఆయన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ రోజుల్లో ఆ మాటను ఎవరూ గట్టిగా అనేవారు కాదు. మా ఆయన వచ్చి నా చెవిలో అన్నాడు, "రాచపుండంట." అక్కడికి ఆరుగజాల దూరంలో బల్ల మీద కూర్చున్న అత్తగారు, "రాచపుండేగా, గుసగుసలెందుకు? నాకు తెలుసులే," అంది.

ఆ వైద్యాన్ని జనం 'కరెంటు పెట్టడం' అనేవారు. గోడంత యంత్రం కింద పడుకోబెట్టి బుగ్గ మీదికి కిరణాలు పంపేవారు. ఆదివారం తప్ప రోజూ, మొత్తం ముప్పై సార్లు. ఆసుపత్రి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని అత్తగారినీ నన్నూ అందులో దింపి, మా ఆయన మిరప తోటకు వెళ్ళిపోయాడు. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. పక్క గదిలో చీరాల నుంచి వచ్చిన నేతగాళ్ళావిడ ఒకామె ఉండేది. ఆమెకు గొంతులో ఇదే బాధ, ఇదే కరెంటు. మాకన్నా వారం ముందు వచ్చింది.

మొదటి రోజే డాక్టరు నాకు ఒక చీటీ రాసిచ్చాడు. పాలు, గుడ్లు, పప్పుకట్టు, నెయ్యి, మెత్తటి అన్నం, మాంసం ఉడికించిన రసం. "నోరు పూస్తుంది. మింగడం కష్టమవుతుంది. అయినా బరువు తగ్గకూడదు. ప్రతి సోమవారం తూస్తాం. బాగా తగ్గితే కరెంటు ఆపాల్సి వస్తుంది. మధ్యలో ఆపితే చేసిందంతా వృథా కావచ్చు," అన్నాడు.

అత్తగారు ఆ చీటీ చదివించుకుని విన్నది. గుడ్డు దగ్గర నొసలు ముడిచింది. మాంసం రసం దగ్గర నవ్వింది.

"ఈయనకు వైద్యం రాదే," అంది గదికి రాగానే.

ఎందుకంటే మా ఊళ్ళో ఒక లెక్క ఉంది. మందు ఎంత గట్టిదైతే పథ్యం అంత కఠినం. ఇంటి కషాయానికి వంకాయ మానితే చాలు. మాత్రకు పులుపూ నూనే మానాలి. సూదికి గుడ్డూ గోంగూరా కూడా మానాలి, లేకపోతే చీము పడుతుంది. మరి గోడంత యంత్రానికి ఎంత పథ్యం ఉండాలి? పాత బియ్యపు గంజి, ఉప్పు లేని బీరకాయ, అదీ ఒక పూట. ఏదీ మానమనని డాక్టరు మా అత్తగారి దృష్టిలో కత్తి లేని మంగలి.

అసలు భయం వేరే ఉందని రెండో రోజు తెలిసింది. గిన్నెలో పాలు పట్టుకుని బతిమాలుతుంటే నా చెయ్యి తోసేసి చెప్పింది.

"రాచపుండు అంటే ఏందే? రాజు. ఒంట్లో కూర్చుని పన్ను వసూలు చేసుకునే రాజు. నేను పాలు తాగితే ముందు దానికి, గుడ్డు తింటే ముందు దానికి. నాకు మిగిలేది ఏందీ? మేపి మేపి దాన్ని బలిపించనా? దాన్ని మాడ్చాలి."

"దాన్ని మాడిస్తే మీరూ మాడతారుగా అత్తయ్యా?"

"నేను మాడినా ఓర్చుకుంటా. అది ఓర్చుకోలేదు. చూద్దాం ఎవరు ముందు చస్తారో."

ఇంత పట్టుదల నేను పొలం తగాదాల్లో కూడా చూడలేదు. అందుకని దొంగదారి పట్టాను. రాగిజావలో గుడ్డు గిలకొట్టి కలిపాను. ఆవిడ ఒక్క గుక్క నోట్లో పోసుకుని, నా మొహం వంక చూసి, మళ్ళీ గిన్నెలోకి ఉమ్మేసింది.

"ఏం కలిపావే?"

"ఏం లేదత్తయ్యా. జావే."

"కోడి పెట్టిన జావా?"

ఆ వారమంతా ఇంతే. నేను వండటం, ఆవిడ వాసన చూడటం. కరెంటు మొదలై వారం గడిచేసరికి ఆవిడకు నాలుక రుచి పోయింది, ముక్కు మాత్రం పోలేదు.

రెండో వారంలో ఉన్నట్టుండి మారిపోయింది. "పెట్టవే, తింటాలే. డాక్టరు చెప్పినయ్యన్నీ పెట్టు. కానీ నువ్వు ఎదురుగా కూర్చోమాక. నువ్వు చూస్తుంటే గొంతు దిగదు," అంది. గిన్నె మంచం పక్కన పెట్టగానే నన్ను ఏదో పని మీద పంపేది. వక్కపొడి తెమ్మనేది, తను వక్క మానేసి నెలయింది. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడు, వెళ్ళి అడిగి రమ్మనేది. నేను తిరిగి వచ్చేసరికి గిన్నె ఖాళీ. అంచుకు ఒక్క మెతుకు కూడా ఉండేది కాదు, నాకిపెట్టినట్టు. నిజంగానే నాకిపెట్టిందేనని అప్పుడు తెలియదు.

తెలియకపోగా పొంగిపోయాను. సోమవారం నర్సమ్మ కాటా మీద నిలబెట్టి తూచింది. ముల్లు కిందటి వారం ఉన్న చోటే ఉంది. ఆ పై సోమవారం అరపౌను పెరిగింది. అదే వరసలో వచ్చిన మిగతా రోగులందరూ తరిగారు. డాక్టరు నా వైపు చూసి తలాడించాడు. నాలుగేళ్ళ కాపురంలో నా వంటకు దొరికిన మొదటి యోగ్యతాపత్రం. ఆదివారం మా ఆయన వస్తే చెప్పాను.

"అరపౌను పెరిగిందా? నీ వంటతోనా?" అన్నాడాయన. ఆ నోటితో అంతకన్నా మర్యాద ఆశించడం తప్పు. అయినా ఆయన మాటే ముల్లులా గుచ్చుకుంది. నిజమే కదా, నా వంటతోనా?

అప్పటి నుంచి చూడటం మొదలుపెట్టాను. అత్తగారి కుడి చేతికి ఒక బంగారు మురుగు ఉండేది. పెళ్ళినాడు తొడిగిన తరువాత ఊడింది లేదు. మామగారు పోయినప్పుడు తీసేద్దామని సబ్బు రాసి, నూనె రాసి లాగినా రాలేదట. ఆవిడ ఒంటికి అతుక్కుపోయిన ఆస్తి అది. ఆ సాయంత్రమే ఆవిడ చెయ్యెత్తి తల గోక్కుంటుంటే ఆ మురుగు మణికట్టు నుంచి జారి మోచేతి దగ్గర ఆగింది.

పౌను పెరిగే మనిషికి మురుగు వదులవుతుందా? ఉండలేక గుమ్మంలోకి వచ్చాను. అక్కడ ఆ కుక్క పడుకుని ఉంది. మేము వచ్చిన రోజు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న కుక్క. ఇప్పుడు ఒంటి మీద వెంట్రుక నూనె రాసినట్టు మెరుస్తోంది. నన్ను చూసి తోక ఆడించింది. కృతజ్ఞత కనిపించింది ఆ కళ్ళలో. తనకు అన్నం పెట్టిన చెయ్యి అని గుర్తుపట్టిన మొదటి ప్రాణి.

తిండి కుక్కకు పోతోందని తేలిపోయింది. మరి కాటాలో బరువు ఎక్కడిది?

సోమవారం పొద్దున ఆవిడ చేసే పనులన్నీ ఓరకంట చూశాను. ముందుగా చెంబెడు నీళ్ళు తాగింది. నోరంతా పుండై, ఒక్కో గుక్కకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, ఆగి ఆగి చెంబు ఖాళీ చేసింది. గరిటెడు పాలు దిగని గొంతు అది. తరువాత నన్ను బయట నిలబెట్టి, తలుపు గడియ వేసుకుని, మందపాటి చీరాల చీర కట్టుకుని వచ్చింది. నడక బరువుగా ఉంది. ఆసుపత్రి ముందు రిక్షా దిగుతూ తూలింది. పడబోతోందని నడుము పట్టుకున్నాను. ఎముకలు తగలాల్సిన చోట ఇనుము తగిలింది.

"అత్తయ్యా! ఏమిటివి?"

"గట్టిగా అరవమాక."

"ఏమిటవి?"

"రాళ్ళు," అంది, ఊళ్ళో పెసలు అన్నంత తేలికగా.

కిలోలు వచ్చిన కొత్తలు అవి. మా ఇంట్లో పత్తి తూచే పాత ఇనుప రాళ్ళు, మూడు పౌన్ల వీశె, అరవీశె, పావువీశె, పనికిరాక మూలపడి ఉన్నాయి. అవి మూడూ ఆవిడ పెట్టెలో బట్టల అడుగున మాతో పాటే పట్నం వచ్చాయన్నమాట. మొదటి వారం పావు, రెండో వారం పావూ అరా, ఇప్పుడు మూడూ. చీర కుచ్చిళ్ళ కింద గుడ్డసంచిలో కట్టుకుంది. పైన చెంబెడు నీళ్ళు, బస్తా కాయకు చిలకరించినట్టు.

"ఎందుకత్తయ్యా ఈ పని?"

"తగ్గితే కరెంటు ఆపుతానన్నాడుగా. కరెంటు ఆగకూడదు. తింటే పుండు బలుస్తది, తినకూడదు. రెండూ జరగాలంటే ఇంకో దారి ఉందా? నువ్వు చెప్పు." కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆవిడే అంది, "పుండుకు పస్తు పెట్టా, కాటాకు అన్నం పెట్టా. ఎవరికి కావాల్సింది వాళ్ళకి. నువ్వు నోరు తెరిచావంటే మాత్రం నా చావు నీ నెత్తిన."

వరసలో మా వంతు వచ్చింది. నేను పిరికిదాన్ని. నోరు మూసుకునే ఉందామనుకున్నాను. నర్సమ్మ చదివింది: ఇంకో అరపౌను పెరిగింది. డాక్టరు కాగితం మీద రాస్తూ, "బాగా చూసుకుంటున్నారమ్మా. ఇలా అయితే మిగతా పన్నెండూ ఆపకుండా పూర్తి చేసేద్దాం," అన్నాడు.

ఆ మెప్పు నా చెవిన పడకపోతే ఏమయ్యేదో తెలియదు. తిట్టు మింగడం అలవాటే, దొంగ మెప్పు మింగుడు పడలేదు. ఆవిడ మెడ చూశాను. గొలుసు గుంటలో పడి ఉంది. నోటి మూలల నుంచి చొంగతో కలిసి రక్తం. ఇంకా పన్నెండు.

"బరువు ఆవిడది కాదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మళ్ళీ తూచారు. రాళ్ళు బల్ల మీద వరసగా పెట్టించి తూచారు. నీళ్ళు దింపడం వీలు కాక లెక్కలో తీసేశారు. వచ్చిన నాటికీ ఇప్పటికీ ఏడు పౌన్లు తేడా. డాక్టరు ఆ ఇనుప రాళ్ళ వంక చాలాసేపు చూశాడు. ఆయనకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో ఇప్పటికీ నాకు అనుమానమే. ఆవిడ కనురెప్ప వెనక్కి లాగి చూశాడు, నోట్లో దీపం వేసి చూశాడు.

"అమ్మా, కరెంటు పుండుతో పాటు మంచి కండను కూడా కొంత కాలుస్తుంది. ఆ కాలిన కండ మళ్ళీ పూడుకోవాలంటే తిండి కావాలి. తిండి లేని ఒంటికి మేము ఇచ్చే మందే విషమవుతుంది. ఇప్పుడు పెడితే మీరు తట్టుకోలేరు. పది రోజులు ఆపుతున్నాను. అంతకన్నా ఎక్కువ ఆపితే పుండుదే పైచెయ్యి అవుతుంది. పైవారం గురువారం తూస్తాను. కొంచెమన్నా పెరిగితే మొదలుపెడతాను. లేకపోతే ఇంటికి తీసుకువెళ్ళండి." ఆపైన నా వైపు తిరిగి, మెత్తగా, మంచితనంతో, అనకూడని మాట అన్నాడు. "ఆవిడ ఏది అడిగితే అది పెట్టండి."

అంతే. అత్తగారి మొహం పాలిపోయింది.

మా వైపు డాక్టరు నోట ఆ మాట వచ్చిందంటే అర్థం ఒక్కటే. ఇక లాభం లేదు, కోరికలు తీర్చి పంపండి అని. ఆవిడ గదికి చేరాక గోడ వైపు తిరిగి పడుకుని, "నీళ్ళు వదిలేశాడు. నువ్వు నోరు తెరవబట్టే," అంది. ఆ తరువాత ఆరు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టిన గిన్నె పెట్టినట్టే చల్లారిపోయేది. ఇప్పుడు కుక్కకు కూడా వేయలేదు. అది గుమ్మంలో కూర్చుని నా వైపు నిష్ఠూరంగా చూసేది.

పక్క గది చీరాలావిడ విషయం విని వచ్చింది. ఆమె చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గిన్నె ఉండేది, మింగలేక ఏడుస్తూనే తాగేది.

"ఏందొదినా, అడిగింది పెట్టమన్నాడని పాడె కట్టించుకుంటున్నావా? నాకూ కిందటి నెల అదే చెప్పాడు. అడిగినయ్యన్నీ తింటన్నా. చచ్చానా?"

"ఇంకా టైముందిలే," అంది అత్తగారు గోడతో.

ఆదివారం మా ఆయన వస్తే, పొలం పంచాల్సిన పని లేదు నువ్వొక్కడివేగా అని మొదలుపెట్టి, అంపకాలు చెప్పింది. మురుగు తీసి నా చేతిలో పెట్టింది. సబ్బు అవసరం లేకుండా వచ్చేసింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడుపు దేనికి? నిజం చెప్పిన దానివి గదా," అంది. ఆరు రోజుల తరువాత నాతో ఆడిన మొదటి మాట అది. నేను చేసింది తప్పేమో. రాళ్ళతోనే ముప్పై పూర్తయ్యేవేమో. ఆ అనుమానం నన్ను ఆ రోజంతా పీకింది. అత్తగారి జబ్బు నాకు అంటుకుందని అప్పుడే తెలిసింది. పుండు కాదు, రెండోది.

తూకానికి ఇంకా మూడు రోజులుందనగా మంగళవారం... కాదు, సోమవారమే, మా పెద్ద పాలేరు వచ్చాడు. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఉన్నవాడు. మా ఆయన పంపాడు. బిందెడు గేదెపాలు, సంచిలో బియ్యం, నోట్లో ఒక కబురు.

"పెద్దమ్మా, మిరపకు ముడత తగిలింది. ఆకు దోనె తిరుగుతంది. అబ్బాయిగారు పురుగుమందు తెప్పించారు. రేపే కొట్టేద్దామా, నిన్నడిగి రమ్మన్నారు."

చచ్చిపోతున్న మనిషి లేచి కూర్చుంది.

"వాన పడిందా?"

"యాడ పెద్దమ్మా? ఇరవై రోజులైంది. చేను బెట్టకొచ్చింది. మధ్యాహ్నానికి తలకాయ వాలేస్తంది."

"మరి మందెట్టా కొడతార్రా? బుద్ధుందా? మొన్నామధ్య తూర్పు చేలో ఏం జరిగింది? వాడిన చెట్టు మీద మందు కొడితే పురుగు చచ్చింది, చెట్టూ మాడింది. మర్చిపోయావా?"

"అదే అబ్బాయిగారికి చెప్పా. పురుగు తినేస్తంది గదా, నీళ్ళు పెడితే లేతాకు వచ్చి పురుగుకే మేత అయిద్ది అంటన్నారు."

"వాడి మొహం! మేత అయితే కానీ. ముందు ఆయిలింజను పెట్టి తడి ఇవ్వండి. రెండు రోజులాగి చెట్టు తేరుకుని తలెత్తాక మందు కొట్టండి. ఒంట్లో సత్తువున్న చెట్టే మందుకి ఓర్చుకుంటది. ఎండిన దానికి..."

అక్కడ ఆగిపోయింది.

పాలేరు ఎదురు చూశాడు. "ఎండిన దానికి?" అన్నాడు.

"నీ తలకాయ. పో, తడి పెట్టమని చెప్పు."

వాడు వెళ్ళిపోయాడు. గదిలో మేమిద్దరమే. నాకు నోటిదాకా వచ్చింది. కానీ కిందటి సోమవారం నోరు తెరిచిన పుణ్యం ఇంకా అరగలేదు. కనుక పొయ్యి వెలిగించాను. కొత్త పాలు కాచాను. గుడ్డు గిలకొట్టి, చల్లారనిచ్చి, అందులో కలిపాను. ఆవిడ చూస్తుండగానే కలిపాను. గ్లాసు తెచ్చి మంచం పట్టె మీద పెట్టి ఆవిడ మొహం వంక చూడకుండా వెనక్కి తిరిగాను.

"ఏం కలిపావే?" అంది.

"గుడ్డు."

వెనక వాసన పీల్చిన చప్పుడు.

"ఎన్ని?"

"ఒకటే."

"పిసినారిదానా," అంది, గ్లాసు ఎత్తింది.

అది తాగడం కాదు, యుద్ధం. ప్రతి గుక్కకూ రెండు చేతులతో మంచం పట్టె పట్టుకునేది. నోరు తెరుచుకుని గాలి పీల్చుకునేది. మళ్ళీ గుక్క. ఆ గ్లాసుకు గంట పట్టింది. ఆ సాయంత్రం ఇంకోటి. మరునాడు పప్పుకట్టులో నెయ్యి. గంటకోసారి నాలుగు చెంచాలు, ఆ తరువాత ఆరు. ఉప్పు మంట, చింతపండు మంట, నా వంటలో రుచి లేకపోవడం మొదటిసారి ఒక సుగుణమైంది. మధ్య మధ్య నన్ను దగ్గరికి పిలిచి, బుగ్గ లోపల దీపం పెట్టి చూడమనేది.

"బలిసిందా?"

"లేదత్తయ్యా."

"సరిగ్గా చూడు. నువ్వు నాకు మంచి జరగాలని అబద్ధం చెప్పే రకానివి."

గురువారం వచ్చింది. ఇప్పుడు నా వంతు. ఆవిడను నమ్మవచ్చా? మూడు రోజులు తాగిన పాలకు ముల్లు కదులుతుందా? కదలకపోతే ఆవిడ ఊరుకుంటుందా? పొద్దున చీర నేనే కట్టాను, నడుము తడిమి మరీ కట్టాను. ఆవిడ చేతులెత్తి, "సోదా చెయ్యి, పోలీసుదానా," అంది. చెంబు అటక మీద దాచాను. అయినా మనసు ఆగక, పెట్టెలోంచి ఆ మూడు రాళ్ళూ తీసి నా చేతిసంచిలో వేసుకున్నాను. నా దగ్గర ఉంటే ఆవిడ దగ్గర ఉండవు కదా. ఇంతకన్నా భద్రమైన ఉపాయం నాకు తోచలేదు.

కాటా ఎక్కింది. నర్సమ్మ ఈసారి చీర కుచ్చిళ్ళ చుట్టూ చెయ్యి వేసి చూసింది. ముల్లు ఆగింది. కిందటిసారి రాళ్ళూ నీళ్ళూ తీసేసిన లెక్క కన్నా ఒకటిన్నర పౌన్లు ఎక్కువ.

నర్సమ్మ నమ్మలేదు. మళ్ళీ తూచింది. అదే. డాక్టరు లేచి వచ్చాడు. అత్తగారిని కిందికి దింపి, చుట్టూ చూసి, నా మీద కళ్ళు ఆపాడు.

"మీరేమిటమ్మా, ఒక పక్కకు వంగిపోయి నిలబడ్డారు?"

"ఏం లేదండీ."

"ఆ సంచిలో ఏముంది?"

వెనక్కి దాచబోతే సంచి జారింది. వీశె రాయి బండల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి డాక్టరు బల్ల కాలికి తగిలి ఆగింది. వరండాలో ఉన్న రోగులందరూ తలలు తిప్పారు. నర్సమ్మ నోరు తెరిచింది. నా మొహంలో దొంగ దొరికిందన్న సంగతి అందరికీ కనిపించి ఉండాలి.

అప్పుడు మా అత్తగారు కాటా పక్కనే నిలబడి, పుండ్ల నోటితో, అందరికీ వినబడేలా అంది:

"రాళ్ళు నాయ్యేనండీ. బరువు కూడా నాదే. అది దొంగతనానికి తేలేదు, నేను చేస్తానేమోనని తెచ్చుకుంది. దానికంత తెలివి లేదు."

నాలుగేళ్ళలో ఆవిడ నన్ను వెనకేసుకొచ్చింది అదే మొదటిసారి. డాక్టరు మూడోసారి తూచాడు, నన్ను సంచితో సహా అవతలి గదిలోకి పంపి. ఒకటిన్నర పౌన్లు అలాగే ఉన్నాయి. ఆ పూటే కరెంటు మొదలుపెట్టారు.

మిగతా పన్నెండూ ఆగకుండా సాగాయి. సుఖంగా సాగాయని చెప్పను. బుగ్గ మీద చర్మం కమిలి నల్లబడింది. జుట్టు ఆ పక్కన రాలింది. రెండు రోజులు మంచినీళ్ళు కూడా దిగక నేను దూదితో నోట్లో పిండాను. కానీ ఆవిడ తలెత్తే ఉంది. చీరాలావిడ తనవి పూర్తి చేసుకుని, మాకన్నా ముందు వెళ్ళిపోతూ, "చావకపోతే చీర పంపుతా," అంది. పంపింది. కుక్క మళ్ళీ చిక్కిపోయింది. దానికొక్కదానికే ఈ కథలో అన్యాయం జరిగింది.

పుండు మాడింది. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆవిడ పొలం గట్ల మీద తిరిగింది. మిరపకాయల నేల మీద పుట్టి, మళ్ళీ ఒక్క మిరపకాయ కొరకలేదు. నోరు ఎప్పుడూ ఎండిపోయేది, పక్కన మజ్జిగ చెంబు ఉండాల్సిందే. ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేసి, ఆసుపత్రి నుంచి తిరిగి వస్తే ఆవిడ చూడ్డానికి వెళ్ళేది. రోగం ఎలా తగ్గిందని వాళ్ళు అడిగేవారు.

"పథ్యం వల్ల," అనేది ఏమాత్రం తడబడకుండా. "కఠిన పథ్యం చేశా. రోజుకు రెండు గుడ్లు, శేరు పాలు. ఒక్క పూట కూడా తప్పలేదు. కావాలంటే మా కోడల్ని అడగండి."

వాళ్ళు నా వైపు చూసేవారు. నేను తలూపేదాన్ని. ఆవిడ నా తలూపులో నిజమెంతో ఓరకంట తూచుకుంటూ ఉండేది.